ఆకు నుండి ఔషధం వరకు

మానవుడు అనాదిగా తన వ్యాధులకు మందును చెట్టుచేమలలో వెదకుకొన్నాడు. అయితే ఒక ఆకు జ్వరాన్ని తగ్గించినదని చెప్పుకొనడం వేరు. ఆ ఆకులోని ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఏ విధంగా పనిచేస్తున్నదో నిరూపించడం వేరు. ఈ రెండింటికి మధ్యగల దూరాన్ని గ్రహించడానికి మలేరియా చరిత్ర చక్కని ఉదాహరణ.

మలేరియా ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి వలన కలుగుతుంది. అది దోమ కడుపులో పెరుగుతున్నదని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. కాని వ్యాధి మార్గం తెలియక మునుపే మందు దొరికినది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పెరిగే సింకోనా బెరడును జ్వరానికి వాడేవారు. 1820లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పెల్తియే, కవంతూ ఆ బెరడు నుండి క్వినైన్‌ను వేరుచేశారు. దానితో మందును తూచి ఇవ్వడం సాధ్యమైనది.

కాలక్రమాన క్లోరోక్విన్ వంటి కృత్రిమ ఔషధాలకు పరాన్నజీవి లొంగకుండా పోయినది. 1967లో చైనాలో కొత్త మందుకోసం అన్వేషణ ప్రారంభమైనది. అందులో పాల్గొన్న తూ యూయూ ప్రాచీన వైద్యగ్రంథాలను పరిశీలించారు. చింగ్‌హావ్ అనే మొక్క సారం మొదట నిలకడైన ఫలితం ఇవ్వలేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఆ మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, రసం త్రాగమన్నాడే కాని కాచమనలేదు. వేడివలన గుణం నశిస్తున్నదేమోనని తలచి, ఆమె తక్కువ ఉష్ణోగ్రతలో ఈథర్‌తో సారం తీశారు. 1971లో అది ఎలుకలలోని పరాన్నజీవులను పూర్తిగా నిర్మూలించినది. రోగులకు ఇచ్చేముందు ఆమె, సహచరులు తామే దానిని సేవించి చూచుకొన్నారు. 1972లో ఆర్టెమిసినిన్ వేరుచేయబడినది. 2015లో ఆమె నోబెల్ బహుమతి పొందారు.

ఈ మందు పనిచేసే తీరు విచిత్రమైనది. పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో చేరి హిమోగ్లోబిన్‌ను జీర్ణించుకొంటుంది. అప్పుడు వెలువడిన ఇనుము, ఆర్టెమిసినిన్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువుల మధ్యగల బంధాన్ని త్రెంచుతుంది. అందుండి పుట్టిన చురుకైన ప్రాతిపదికలు పరాన్నజీవి ప్రోటీన్లను ధ్వంసం చేస్తాయి. తిన్న తిండియే దానికి విషమవుతున్నది!

మన పెరటిలోని మాచిపత్రి, యునానీ వైద్యంలోని అఫ్సంతీన్ కూడ ఇదే ప్రజాతికి చెందినవి. అంతమాత్రాన వాటి కషాయం మలేరియాకు చాలునని భ్రమపడరాదు. అసలు చింగ్‌హావ్ ఆకు కషాయంలోనైనా మందు మోతాదు నిలకడగా ఉండదు. చాలీచాలని మోతాదు రోగిని రక్షించదు సరికదా, చావక మిగిలిన పరాన్నజీవులను బలపరుస్తుంది. ఆర్టెమిసినిన్‌కు సైతం త్వరగా లొంగని పరాన్నజీవులు ఈ శతాబ్దపు తొలి దశకంలోనే పశ్చిమ కంబోడియాలో కనిపించాయి. అందువల్లనే దీనిని ఒంటరిగా గాక, మరొక మందుతో జతపరచి ఇస్తారు.

విద్యార్థులారా! పెద్దల వైద్యాన్ని మూఢత్వమని త్రోసివేయనూ వద్దు, పరీక్షించకుండ నమ్మనూ వద్దు. గె హోంగ్ వాక్యం లేనిదే తూ యూయూకు దారి తోచేది కాదు; ఆమె ప్రయోగం లేనిదే ఆ వాక్యం గ్రంథంలోనే నిద్రించేది. ఇంటిలో ఎవరికైనా చలిజ్వరం వచ్చిననాడు వెంటనే రక్తపరీక్ష చేయించండి. జ్వరం తగ్గినదని మందును మధ్యలో మానక పూర్తిగా వాడించండి. చదివిన శాస్త్రానికి సార్థకత అదే.