వ్యతిరేకం: చేవెళ్ల దారిలో ఒక మాట

సంస్కృతంలో 'వి', 'అతి' అనే ఉపసర్గలు 'రిచ్' ధాతువుతో చేరగా ఏర్పడిన 'వ్యతిరేకం' అనే పదానికి వేరుగా ఉండడం, మించడం, భేదం అనేవి పాత అర్థాలు కాగా, నేటి తెలుగులో ఎదిరించడమనే అర్థమే ముందు స్ఫురిస్తుంది. ఉపమానం కంటె ఉపమేయమే గొప్పదని చెప్పే అలంకారానికి వ్యతిరేకమనే పేరు నిలవడం మించడమనే ఆ పాత అర్థం వల్లనే. 'రాడు', 'చేయదు' వంటి, పని జరగకపోవడాన్ని తెలిపే రూపాలను వ్యాకరణం వ్యతిరేక క్రియలంటుంది.

వాడుకలో ఈ పదం బరువంతా దాని ముందు 'కు' ప్రత్యయంతో నిలిచే నామం మీదనే ఉంటుంది. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా సాగే 163వ జాతీయ రహదారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల విస్తరణపై ఏళ్ల తరబడి నడిచిన వివాదమే ఇందుకు నిదర్శనం. దారి పక్కనున్న తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించిన ప్రకృతి ప్రేమికుల వ్యతిరేకత చెట్ల నరికివేతకు. ఇరుకు దారిలో ప్రాణాలు పోతుంటే చూడలేక రోడ్డెక్కిన స్థానికుల వ్యతిరేకత పనుల జాప్యానికి. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మరణించిన తరువాత ఆ వ్యతిరేకత ఎంత న్యాయమైనదో వేరే చెప్పనక్కరలేదు. అయినా మొదటివారిని 'రోడ్డుకు వ్యతిరేకులు' అనడం, రెండవవారిని 'చెట్లకు వ్యతిరేకులు' అనడం రెండూ తప్పే. వార్త రాసేవారు, చదివేవారు ఆ 'కు' ముందున్న మాటను ఒకసారి సరిచూసుకోవాలి.