నీటి అడుగున ఎరుపు కనిపించదు

మురుడేశ్వరం వెళ్లిన మనవాళ్లు స్వామి దర్శనం చేసుకుని, ఆ పెద్ద శివుడి విగ్రహం ముందు నిలబడి ఫోటో దిగి, సాయంత్రానికి తిరుగుప్రయాణం కట్టడం రివాజు. ఈమధ్య ఇంట్లో కుర్రకారు ఇంకొక్క పూట ఉందామంటున్నారు. అక్కడి ఒడ్డు నుంచి పడవలో వెళితే నేత్రాణి దీవి వస్తుంది. దాని చుట్టూ స్కూబా డైవింగ్ చేయిస్తారు. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకు మాల్వన్, తమిళనాడు వైపు వాళ్లకు పుదుచ్చేరి దగ్గర. పిల్లలు నీళ్లలో తీసుకొచ్చిన ఫోటోలు చూసి ఇంట్లో పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే: "అంతా నీలంగా ఉందేమిట్రా? టీవీలో చూపించే రంగులేవీ?"

ప్రశ్న సబబైనదే. ఎండలో ఏడు రంగులున్నాయని బళ్లో చదువుకున్నాం కదా. నీళ్లు వాటిలో ఎరుపును ముందుగా మింగేస్తాయి. ఐదారు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. తరువాత నారింజ, ఇంకా దిగితే పసుపు. ఇరవై మీటర్ల లోతున వేలు తెగితే వచ్చే నెత్తురు ఆకుపచ్చగా కనబడుతుంది! చేప ఒంటిమీద ఎరుపు లేక కాదు, దాన్ని చూపించే వెలుతురే అంతదాకా దిగదు. ఫోటో తీసేవాడు ఆ వెలుతురును తనతో మోసుకుపోవాలి. ఫ్లాష్ కాంతి కూడా నీళ్లలోనే పోయి, నీళ్లలోనే తిరిగి రావాలి గనుక చేప నాలుగైదు మీటర్ల అవతల ఉంటే ఫ్లాష్ ఉన్నా లేకున్నా ఒకటే. మీటరు దూరంలోకి చేరితేనే రంగు దక్కుతుంది. ఆ ఫ్లాష్ కెమెరా నెత్తినే ఉంటే నీళ్లలోని నలుసులన్నీ వెలిగి, పొగమంచులో లారీ లైట్లు వేసినట్టు బొమ్మంతా తెల్లచుక్కలు పడతాయి. అందుకే పొడుగాటి కడ్డీలకు బిగించి ఆ పక్కా ఈ పక్కా పెడతారు.

ఈ వెలుతురు కోసం తొలిరోజుల్లో పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఫ్రాన్సులో లూయీ బూతాఁ అనే జీవశాస్త్రవేత్త 1893లో ఇనుప టోపీ, బరువైన దుస్తులు వేసుకుని బాన్యుల్స్ తీరంలో దిగి ఫోటోలు తీశాడు. ఒక్కో ఫోటోకు అరగంట వరకూ కెమెరా కదలకుండా ఉంచాల్సి వచ్చేదట. అరగంట కదలకుండా ఏ చేప ఉంటుంది? రంగుల్లో తొలి ఫోటోలు 1926లో గాని కుదరలేదు. ఫ్లోరిడా దగ్గర డ్రై టార్టుగాస్ దీవుల్లో లాంగ్లే, చార్లెస్ మార్టిన్ అనే ఇద్దరు నీటిపైన తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ మెరుపులో ఒక చేపను పట్టారు. మరుసటి ఏడు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అవి అచ్చయ్యాయి. 1943లో కూస్తో, గాన్యాఁ కలిసి వీపున మోసుకెళ్లే గాలి పరికరం తయారుచేశాకే మనిషి చేపల మధ్య స్వేచ్ఛగా తిరగగలిగాడు.

ఇప్పుడు మామూలు కెమెరానే గట్టి పెట్టెలో పెట్టి దింపుతారు. ఆ పెట్టె మూతకు మన ప్రెషర్ కుక్కర్ గాస్కెట్టు వంటి రబ్బరు చుట్టు ఉంటుంది. దానిమీద ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు ఉన్నా చాలు, ఉప్పునీళ్లు లోపలికి పోయి కెమెరా పనైపోయినట్టే. దిగే ముందు దీపం వత్తి సర్దినంత శ్రద్ధగా ఆ రబ్బరు తుడుచుకుంటూ కూర్చునేవాళ్లను పడవలో చూడవచ్చు.

అయితే కెమెరా కొనడం తరువాతి మాట, ముందు నీళ్లలో నిలకడ రావాలి. పది మీటర్ల లోతున గాలి పీడనం పైదానికి రెట్టింపు, సిలిండరులో గాలీ అంత త్వరగా ఖర్చవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి రావడం ప్రాణాలమీదికి తెస్తుంది. చేప మీద ధ్యాసతో గాలి ముల్లు చూడడం మరిచేవాడు పక్కవాణ్ని కూడా చిక్కుల్లో పడేస్తాడు. తొలి డైవుల్లో పిల్లల చేతికి కెమెరా ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం, వాళ్లు అలిగినా సరే.

నిలకడ లేనివాడు పగడాల మీద మోకాలు ఆనించి ఫోటో తీస్తాడు. గుండ్రని రాతి పగడం ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతుంది. ఒక్క తన్నుకు ఎన్నేళ్ల పెరుగుదల విరుగుతుందో లెక్క వేసుకోండి. సముద్రపు గుర్రం ముఖం ఇటు తిప్పడానికి పుల్లతో కదిపేవాళ్లూ ఉన్నారు. ఇటువంటి చిన్న చేపలకు ఫ్లాష్ కన్నా ఆ కదపడమే ఎక్కువ బాధ అని 2019లో వెలువడిన పరిశోధన చెప్పింది. చేపను బెదరగొట్టి తీసిన ఫోటో ఎంత బాగున్నా నాకు రుచించదు.

బాగా తీసిన ఫోటో గోడకు తగిలించుకోవడానికే కాదు. తిమింగల సొర సంగతి చూడండి. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప, తినేది మాత్రం నీళ్లలో తేలే సూక్ష్మజీవులను, చిన్న చేపలను. గుజరాత్ తీరంలో దాన్ని వేటాడి చంపుతున్న తీరును మైక్ పాండే తన చిత్రంలో చూపించాక, 2001లో మన ప్రభుత్వం ఆ వేటను నిషేధించింది. దాని ఒంటిమీద తెల్లచుక్కల అమరిక మన వేలిముద్ర లాంటిది, ఏ రెండింటికీ ఒకటిగా ఉండదు. ఆకాశంలో నక్షత్రాల గుంపులను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే లెక్కతోనే ఈ చుక్కలనూ పోల్చవచ్చని 2005లో తేలింది. మొప్పల వెనుక భాగం స్పష్టంగా పడితే చాలు, సెలవుల్లో సరదాకు దిగినవాడు తీసిన ఫోటో కూడా పనికొస్తుంది. తేదీ, చోటు రాసి పంపితే ఆ చేప ఇంతకుముందు ఏ సముద్రంలో, ఎప్పుడు కనిపించిందో చెప్పగలరు.

2022 ఫిబ్రవరిలో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికి వచ్చి చిక్కుకున్న తిమింగల సొరను అటవీశాఖవాళ్లు, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి నెట్టారు. అది ఏ చేపో పోల్చడానికి దాని ఫోటోలను మాల్దీవుల్లో ఈ చేపల మీద పనిచేసే పరిశోధకులకు అందజేయాలని తలపెట్టారు.