ఫోకస్ లేని జేబు కెమెరా ఫొటో ఎలా తీసింది?

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫాం వచ్చేదాకా ప్రపంచంలో ఇదే అతి పొడవైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. 1980లలో ఊరి నుంచి వచ్చిన బంధువులను తిరిగి రైలెక్కిస్తూ, ఎవరో జేబు కెమెరాతో ఇక్కడ ఫొటో తీశారనుకుందాం. మూడు మీటర్ల దూరంలోని మనుషులూ, వెనక ఎక్కడో ఉన్న సిగ్నల్ స్తంభమూ రెండూ స్పష్టంగానే వస్తాయి. ఇలాంటి చవక కెమెరాల్లో చాలావాటికి ఫోకస్ మార్చే ఏర్పాటే ఉండదు. మరి ఇదెలా సాధ్యం?

చిన్న రంధ్రం చేసే పని

ఫోకస్ కుదరని బిందువు ఫిల్మ్ మీద చిన్న వృత్తంలా పడుతుంది. ఆ వృత్తం దాదాపు 0.03 మిల్లీమీటర్లు దాటకపోతే మామూలు సైజు ప్రింట్‌లో మన కంటికి అది బిందువే. కటకం ముందు రంధ్రం చిన్నదైతే కాంతి సన్నని శంకువుగా లోపలికి వస్తుంది, వృత్తమూ చిన్నదవుతుంది. ఉదాహరణకు, 35 మి.మీ. నాభ్యంతరం ఉన్న కటకానికి అందులో 11వ వంతు, అంటే సుమారు 3.2 మి.మీ. రంధ్రం పెట్టి, 3.7 మీటర్ల దగ్గర ఫోకస్‌ను బిగించేస్తే చాలు. దాదాపు 1.9 మీటర్ల నుంచి అనంత దూరం వరకు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

దానికి చెల్లించే మూల్యం

రంధ్రం చిన్నదైతే లోపలికి వచ్చే కాంతీ తక్కువే. ఎండలో ఇబ్బంది లేదు. రేకుల కప్పు కింద, సాయంత్రం వేళ ఫ్లాష్ తప్పదు. ఫ్లాష్ కాంతి దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే గ్రూప్ ఫొటోల్లో ముందు కూర్చున్న అమ్మమ్మ ముఖం తెల్లబోయి, వెనక నిలబడ్డవాళ్లు చీకట్లో కలిసిపోతారు.

నెగెటివ్‌లో ఇంకా ఉంది

నెగెటివ్ పట్టుకోగలిగిన వెలుగు నీడల పరిధి ప్రింట్ చూపగలిగిన దానికంటే ఎక్కువ. కాగితం మీద తెల్లగా మాసిపోయిన అమ్మమ్మ ముఖం నెగెటివ్‌లో వివరాలతో ఉండొచ్చు. జాగ్రత్తగా స్కాన్ చేస్తే అది బయటపడుతుంది. ఫిల్మ్‌కు అసలు కాంతే చేరని చోట మాత్రం తిరిగి రాబట్టడానికి ఏమీ ఉండదు.

1972లో కొడాక్ తెచ్చిన 110 రకం ఫిల్మ్ అయితే ఒక్కో ఫ్రేము 13×17 మి.మీ. మాత్రమే. మామూలు 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేములో (24×36 మి.మీ.) ఇది సుమారు నాలుగో వంతు. స్కానింగ్‌కు ఇచ్చేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పాలి.

వేడి, తేమ వల్ల నెగెటివ్‌లోని రంగులూ క్రమంగా వెలిసిపోతాయి, బూజు పడుతుంది. కాబట్టి ఆల్బమ్ సర్దేటప్పుడు పాత కవర్లలోని నెగెటివ్ పట్టీలను పారేయకండి. వాటిని పొడిగా, చల్లగా ఉండే చోట దాచండి. వీలైనంత త్వరగా స్కాన్ చేయించండి.