పాడుబడ్డ కట్టడాలు - పడుకళాలు

వాడుక తప్పిన కట్టడాలను పురాణగాథలకు రంగస్థలాలుగా మలచడం పాశ్చాత్య నగరాలలో బాగా వ్యాపించిన పద్ధతి. ఇందులో ప్రేక్షకుడు దూరాన కూర్చుని చూడడు; కథ జరిగే చోటనే తిరుగుతాడు. లండన్‌లోని వూలిచ్‌లో పాత ఆయుధాగారపు భవనాలలో పంచ్‌డ్రంక్ అనే నాటక బృందం 2022-23లో ట్రాయ్ నగర పతనాన్ని ఇలాగే ప్రదర్శించింది.

ఈ చరిత్రలో మన భారతానికీ చోటుంది. పీటర్ బ్రూక్ తన తొమ్మిది గంటల మహాభారత నాటకాన్ని 1985లో ఫ్రాన్సులోని ఆవిన్యోఁ సమీపాన ఒక రాతిగనిలో తొలిసారి ఆడించాడు. 1968లో మూతబడిన న్యూయార్కు మెజెస్టిక్ థియేటరును ఈ నాటకం కోసమే 1987లో తెరిచారు. వెలిసిన గోడలను కావాలనే అలాగే ఉంచారు. గ్లాస్గోలో ఖాళీపడ్డ పాత ట్రాము షెడ్డుకు 1988లో ఇదే నాటకం ప్రాణం పోసింది. ఆ భవనం ట్రామ్‌వే అనే కళాకేంద్రంగా నిలిచింది.

కడంబత్తూరు, తిరువళ్ళూరు వైపు విద్యార్థులకు ఈ పద్ధతి కొత్తగా తోచనక్కరలేదు. ఈ సీమలోనూ, 1960 ఏప్రిల్ 1 వరకు తిరుత్తణి భాగంగా ఉన్న చిత్తూరు జిల్లాలోనూ ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుపుతారు. పగలు కథాకాలక్షేపం, రాత్రి కూత్తు. బకాసురుని బండి కదిలితే ఊరే ఏకచక్రపురం. అర్జున వేషధారి తపసు మాను ఎక్కి నిమ్మపండ్లు విసిరితే సంతానం కోరి వచ్చిన స్త్రీలు కొంగు పట్టి అందుకుంటారు. చివరకు నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుని తొడను భీముడు కొడతాడు. ద్రౌపది జుట్టు ముడుస్తుంది. భక్తులు నిప్పులగుండం తొక్కుతారు.

దుర్యోధనుడు పడిన ఆ చోటును తమిళంలో పడుకళం అంటారు. తమిళ 'కళం' నూర్పుచోటూ, యుద్ధభూమీ కూడా. తెలుగులో దీనికి జ్ఞాతులు రెండు: రైతు నోట 'కళ్ళం', కావ్యాలలో యుద్ధరంగమనే అర్థంలో 'కలను'. 'పడు' రెండు భాషలకూ ఉమ్మడి ధాతువే. ఒకే మాట రెండు పనులను మోస్తున్నట్టే, ఒకే నేల కూడా మోస్తుంది.

భేదం ఒకటుంది. గ్లాస్గోలో చోటు ఖాళీగా ఉంది, కథ బయటినుంచి వచ్చింది. ఇక్కడ కథ ఊరిదే. చోటును ఉత్సవానికి ఇచ్చి, తరువాత తిరిగి తీసుకుంటారు. చూసేవాడికి మొక్కు ఉంది, కథ ముందే తెలుసు. కట్టడం పాడుబడితే కథతో నింపవచ్చు. కథ తెలిసినవారే కరవైతే చోటు ఉండీ ప్రయోజనం లేదు. బయలు ఇళ్ళస్థలాలైతే పడుకళానికి నేల మిగలదు; ఇంట తెలుగు, బడిలో తమిళం అయిన పిల్లలకు 'తపసు మాను' తెలియకపోతే మాటా మిగలదు.

అందుచేత సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు పెద్దలనడిగి ఈ ఉత్సవపు మాటలను తెలుగు, తమిళ రూపాలు రెండింటితో రాసి తీసుకురండి. ఏ మాట ఏ చోట, ఏ పనికి వాడతారో కూడా పక్కనే గుర్తించండి.