శస్త్రచికిత్స బల్లపై దేహోష్ణం: కోలారు నోటి క్యాన్సర్ల నేపథ్యంలో

పాలారు నదిపై ఉన్న బేతమంగళ చెరువు నీటితో ఒకప్పుడు కోలారు బంగారు గనుల కాలనీలు దాహం తీర్చుకున్నాయి. తెలుగు, కన్నడం, తమిళం కలగలిసిన ఈ ప్రాంతపు పల్లెల్లో ఆకు, వక్క, సున్నంతో పాటు పొగాకును, లేదా పొగాకు కాడలను దంచి చేసిన కడ్డిపుడిని, బుగ్గన పెట్టుకునే అలవాటు తరాలుగా ఉంది. పొలం పనుల్లోనూ ఇంటి పనుల్లోనూ ఉండే స్త్రీలలో ఈ అలవాటు ఎక్కువ. కొందరైతే ఆ ముద్దను గంటల తరబడి, నిద్రలో కూడా, ఒకే బుగ్గలో ఉంచుకుంటారు. కోలారు పట్టణం పక్కనే టమకలో ఉన్న శ్రీ దేవరాజ్ అర్స్ వైద్య కళాశాల ఆసుపత్రికి, బెంగళూరులో 1973లో స్థాపితమైన కిద్వాయి క్యాన్సర్ సంస్థకు ఈ జిల్లా నుంచి బుగ్గ లోపలి పొరకు, చిగుళ్లకు వచ్చిన క్యాన్సర్లతో రోగులు చేరుతుండటానికి ప్రధాన కారణం ఇదే.

ఈ రోగులలో చాలామందికి మొదటి చికిత్స కత్తితోనే జరుగుతుంది. బుగ్గలోని గడ్డను చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో సహా తీసివేసి, అవసరమైతే దవడ ఎముకలో కొంత భాగాన్ని కోసి, మెడలోని లసిక గ్రంథులను తొలగించి, ఏర్పడిన ఖాళీని రోగి శరీరం నుంచే తెచ్చిన కండరంతో, చర్మంతో పూడుస్తారు. అలా తెచ్చి అతికించే భాగాన్ని ఫ్లాప్ అంటారు. మన దేశంలో చాలాచోట్ల దాన్ని ఛాతీ కండరం నుంచి, రక్తనాళాలు తెగకుండా మెడ మీదుగా పైకి తిప్పి తెస్తారు. అంటే ముఖం, మెడ, ఛాతీ మూడూ ఒకేసారి తెరిచి, తడి గుడ్డల మధ్య, చల్లని గదిలో, గంటల కొద్దీ ఉండవలసి వస్తుంది. పైగా వక్క నమలడం వల్ల దవడ బిగుసుకుని, నోరు తెరవలేక, నెలల తరబడి గంజి, జావ మీదే బతికిన రోగి బల్ల మీదికి వచ్చేసరికే బక్కచిక్కి ఉంటారు. చర్మం కింద కొవ్వు లేని అటువంటి శరీరం వేడిని త్వరగా కోల్పోతుంది.

శరీర ఉష్ణోగ్రత అన్నప్పుడు వైద్యులు చర్మపు వేడిని కాక, గుండె, మెదడు, కాలేయం వంటి లోపలి అవయవాల వేడిని ఉద్దేశిస్తారు. అది 37 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉండేటట్లు మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే చిన్న భాగం కాపలా కాస్తుంది. ఆ కాపలా ఎంత గట్టిదో కోలారు గనులే సాక్ష్యం చెప్పాయి. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగినప్పుడు అక్కడి రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటింది, లోపలికి చల్లబరచిన గాలిని పంపవలసి వచ్చింది. అయినా ఆ వేడిలో పనిచేసిన కార్మికుల లోపలి ఉష్ణోగ్రత కొద్ది తేడాతో నిలిచిందంటే, చెమట పట్టించి, చర్మపు రక్తనాళాలను వెడల్పు చేసి వేడిని బయటికి తోసిన హైపోథలామస్ చలవే. మెలకువలో ఉన్న మనిషిలో ఉష్ణోగ్రత డిగ్రీలో నాలుగైదో వంతు మారగానే ఈ కేంద్రం కదులుతుంది. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు మాత్రం ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పడిపోయేదాకా దానిలో చలనం ఉండదు. రోగికి చలి తెలియదు, వణుకు రాదు, దుప్పటి అడిగే నోరు ఉండదు.

మత్తు ఎక్కిన మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత 1 నుంచి 1.5 డిగ్రీల వరకు పడిపోవడం సర్వసాధారణం. ఏసీ గదే ఇందుకు కారణమని చాలామంది అనుకుంటారు కానీ, ఈ తొలి పతనంలో గది పాత్ర తక్కువ. మత్తుమందు రక్తనాళాలను వదులు చేయడంతో నడిమి భాగంలోని వెచ్చని రక్తం చల్లగా ఉన్న కాళ్లూ చేతుల్లోకి పారి, శరీరంలో ఉన్న వేడే అటూ ఇటూ సర్దుకుంటుంది. ఆ తరువాతి గంటల్లోనే గదిగాలి, తెరిచిన గాయం, చల్లని సెలైన్ తమ వంతు వేడిని లాగుతాయి. గది ఉష్ణోగ్రతలో ఉన్న ఒక లీటరు సెలైన్ నరంలోకి ఎక్కితే పెద్దవారి శరీరం సుమారు పావు డిగ్రీ చల్లబడుతుంది. లోపలి ఉష్ణోగ్రత 36 డిగ్రీలకు దిగువకు పడితే దాన్ని శస్త్రచికిత్సా సమయపు అల్పోష్ణస్థితి అంటారు.

ఒకటి రెండు డిగ్రీల తేడా చిన్నదిగా కనిపించినా దాని పని అనేక దారుల్లో సాగుతుంది. రక్తస్రావానికి తొలి అడ్డుకట్ట వేసే ప్లేట్‌లెట్లు చలిలో మందగిస్తాయి, గడ్డకట్టించే ఎంజైములూ నెమ్మదిస్తాయి కనుక రక్తస్రావం పెరుగుతుంది. మత్తుమందులు కాలేయంలో ఆలస్యంగా విరిగి రోగి తేరుకోవడం ఆలస్యమవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది గాయం. చలికి చర్మపు రక్తనాళాలు ముడుచుకున్నప్పుడు గాయానికి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. సూక్ష్మజీవులను చంపే న్యూట్రోఫిల్లు అనే తెల్ల రక్తకణాలు తమ విషాన్ని తయారు చేసుకునేది ఆక్సిజన్‌తోనే, గాయాన్ని కలిపి పట్టే కొలాజెన్ పోగులు అల్లుకునేదీ దానితోనే. నోరు సూక్ష్మజీవులకు పుట్టిల్లు కాబట్టి, నోటిలోని కుట్లకు, మెడ మీదుగా తిప్పి తెచ్చిన ఫ్లాప్‌కు ఈ లోటు మరింత ప్రమాదకరం.

ఈ సంగతిని గట్టిగా నిరూపించిన ప్రయోగం 1996లో ఆండ్రియా కుర్జ్, డేనియల్ సెస్లర్, రైనర్ లెన్‌హార్ట్ ప్రచురించినది. పెద్దపేగు శస్త్రచికిత్స చేయించుకున్న 200 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును అదనంగా వెచ్చబరచి, రెండో జట్టును అప్పటి వాడుక ప్రకారం వదిలేస్తే, శస్త్రచికిత్స ముగిసేసరికి మొదటివారి సగటు ఉష్ణోగ్రత 36.6, రెండోవారిది 34.7 డిగ్రీలు ఉంది. వెచ్చగా ఉంచినవారిలో 6 శాతం మందికి గాయం చీము పడితే, చల్లబడినవారిలో 19 శాతం మందికి పట్టింది. చల్లబడినవారు ఆసుపత్రిలో సగటున రెండున్నర రోజులకు పైగా ఎక్కువ గడిపారు. మందు కాదు, కొత్త పరికరం కాదు, కేవలం వెచ్చదనం ఇంత తేడా తేవడం వైద్యరంగాన్ని కదిలించింది.

అయితే క్యాన్సర్ రోగి కుటుంబం అడిగే ప్రశ్న వేరు: చల్లబడితే జబ్బు తిరగబెడుతుందా? ఈ భయానికి ఆధారం లేకపోలేదు. రక్తంలోకి జారిన క్యాన్సర్ కణాలను వెదికి చంపే సహజ హంతక కణాలు చలికి బలహీనపడతాయని, మత్తులో చల్లబరచిన ఎలుకల ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఎక్కువగా నాటుకుందని 1999లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త షామ్‌గర్ బెన్-ఎలియాహు బృందం చూపింది. కానీ ఎలుకలో చూసినది మనిషిలో నిజం కావాలని లేదు. కుర్జ్ ప్రయోగంలో పాల్గొన్న క్యాన్సర్ రోగుల స్థితిని కొన్నేళ్ల తరువాత పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు తిరగబెట్టడంలో గానీ బతికిన కాలంలో గానీ రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కనుక దేహోష్ణాన్ని కాపాడితే క్యాన్సర్ తిరిగి రాదని ఎవరైనా హామీ ఇస్తే అది సాక్ష్యానికి మించిన మాట.

కానీ నోటి క్యాన్సర్‌లో గాయానికీ జబ్బుకీ మధ్య మరో లంకె ఉంది, దాన్ని తక్కువగా చూడకూడదు. గడ్డ ముదిరిన దశలో ఉన్నా, లసిక గ్రంథులకు పాకినా, శస్త్రచికిత్స తరువాత సాధారణంగా రేడియేషన్ ఇస్తారు, దాన్ని ఆరు వారాల లోపు మొదలుపెట్టాలన్నది అంతర్జాతీయంగా ఆమోదించిన నియమం. మెడలో చీము పట్టినా, నోటి కుట్లు విడిపోయి ఉమ్మి మెడలోకి కారినా, ఫ్లాప్ అంచులు నల్లబడినా ఆ గడువు దాటిపోతుంది. మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలు గాయం మానేదాకా ఆగవు. దేహోష్ణం రోగి ఆయుష్షును ప్రభావితం చేస్తే, అది ఎక్కువగా ఈ దారిన జరుగుతుందని భావించడం సమంజసం.

ఈ విషయంలో 2022లో వచ్చిన మరో ఫలితం లెక్కను సరిచేసింది. చైనాలోని ఆసుపత్రుల్లోనూ, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లోనూ 5,000 మందికి పైగా రోగులపై జరిగిన ప్రొటెక్ట్ ప్రయోగంలో, 37 డిగ్రీల వద్ద ఉంచినవారికీ 35.5 డిగ్రీల వద్ద ఉంచినవారికీ గుండె దెబ్బతినడంలో, మరణాలలో, గాయానికి ఇన్ఫెక్షన్ సోకడంలో తేడా రాలేదు. అంటే 37ను పట్టుకుని వేలాడనక్కరలేదు. అలాగని 34కు జారిపోనివ్వవచ్చునని ఆ ప్రయోగం చెప్పలేదు, ఎందుకంటే అది 35.5కు దిగువన ఏం జరుగుతుందో పరీక్షించలేదు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే బక్కచిక్కిన రోగి సుదీర్ఘ శస్త్రచికిత్సలో జారిపోయేది ఆ దిగువకే.

జాగ్రత్తలు ఖరీదైనవి కావు. మొదటి పతనం శరీరంలోని వేడి సర్దుబాటు వల్ల వచ్చేది కనుక, దానిని ఆపే ఉపాయం మత్తుకు ముందే కాళ్లూ చేతులను వెచ్చబరచడం. అరగంట వెచ్చబరిస్తే పతనం బాగా తగ్గుతుంది. కోలారు పీఠభూమిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు చల్లగా ఉంటాయి. పల్చని ఆసుపత్రి గౌనుతో వరండాలో తన వంతుకై ఎదురుచూసే రోగికి దుప్పటి కప్పడం అప్పుడు చికిత్సలో భాగమే. థియేటర్‌లో వెచ్చని గాలిని నింపే కాగితపు దుప్పటి వాడతారు. నోటి శస్త్రచికిత్సలో ముఖం, మెడ, ఛాతీ వైద్యుల చేతికి వదలాలి కనుక దానిని నడుము కింద కప్పుతారు. తొడ నుంచి చర్మం తీయవలసి వస్తే ఆ కాలినీ వదలాలి. ఇలా కప్పే జాగా తగ్గేకొద్దీ సెలైన్‌ను, రక్తాన్ని వేడిచేసి ఎక్కించడం అంత ముఖ్యమవుతుంది. శ్వాసగొట్టం ముక్కు ద్వారా వెళుతుంది, నోరు కత్తికి ఇవ్వాలి. అందువల్ల ఉష్ణోగ్రతను కొలిచే తీగను రెండో ముక్కు రంధ్రం గుండా అన్నవాహికలో గుండె వెనుకదాకా దించితే నమ్మదగిన అంకె వస్తుంది. చర్మంపై అంటించిన పట్టీ కొలత దానికి సాటి రాదు.

కుటుంబసభ్యులు వేడినీటి సీసాలు పెట్టడం మాత్రం మానుకోవాలి, మత్తు పూర్తిగా దిగని శరీరానికి కాలినా తెలియదు. శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యులు మాట్లాడటానికి వచ్చినప్పుడు, రోగి ఎంత బరువు తగ్గారో, ఎన్నాళ్లుగా సరిగా తినలేదో, థైరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నారో లేదో చెప్పి, థియేటర్‌లో ఉష్ణోగ్రత ఎలా చూస్తారో అడగడం మేలు.