కాలయంత్రం ఎక్కి ఎక్కడికెళ్లాలి?

బెంగళూరు హెబ్బగోడిలో మెట్రో దిగి ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా తెలుగు వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల వాళ్లు, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల వాళ్లు, పీజీ కుర్రాళ్లు. 2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్లీ థియేటర్లకు వచ్చాక ఇక్కడ ఒక మాట తరచూ నా చెవిన పడుతోంది. సినిమా, దాని వెనకున్న నవల రెండూ ఇష్టమైనవాణ్ణి కాబట్టి దానికీ, నవలల నుంచి తెరకెక్కిన కథల మీద వినిపించే మరికొన్ని అపోహలకూ జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: ‘ఆదిత్య 369’ ఇంగ్లిషు నవలకు కాపీ.

వాస్తవం: చదువుకునే రోజుల్లో చదివిన హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ తనకు ప్రేరణ అని దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు దాచకుండా చెప్పారు. కానీ 1895లో వచ్చిన ఆ నవల తెరిచి చూడండి. కథానాయకుడికి పేరే లేదు. జీను లాంటి ఆసనం మీద ఒక్కడే కూర్చుని 8,02,701వ సంవత్సరానికి పోతాడు. అక్కడ నేల మీద పసిపిల్లల్లా ఆడుకునే ఎలోయ్‌లు, నేల కింద యంత్రాల మధ్య మోర్లాక్‌లు కనిపిస్తారు. ఉన్నవాళ్లూ కష్టజీవులూ తరతరాలుగా దూరమై చివరికి రెండు జాతులైపోయారన్నది అతని ఊహ. ఆనాటి ఇంగ్లండును చూసి వెల్స్ పడ్డ భయం అది. గతంలోకి ప్రయాణం నవలలో కనబడనే కనబడదు.

సింగీతం మాత్రం యంత్రాన్ని మొదట వెనక్కి నడిపి, 1526లో కృష్ణదేవరాయల కొలువు దగ్గర ఆపారు. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. ఆ తర్వాతే 2504. అక్కడా జనం భూగర్భంలోనే బతుకుతుంటారు గానీ, అందుకు కారణం వర్గభేదం కాదు, అణుయుద్ధం. తెలుగువాడి చేతికి కాలయంత్రమిస్తే భువనవిజయం చూడకుండా ఉంటాడా? ఆ ఒక్క ఆలోచనతోనే కథ మనదైపోయింది. ఇక్కడుండే మనకైతే ఆ కొలువు మరీ దూరం కాదు. విజయనగర సామంతుడు కెంపేగౌడ బెంగళూరుకు పునాది వేసింది 1537లో, అంటే ఆ సినిమా చూపిన ఏడాదికి పదకొండేళ్ల తర్వాత.

అపోహ: రచయిత వారసులే తీస్తే నవల ఉన్నదున్నట్టు తెరకెక్కుతుంది.

వాస్తవం: 2002లో ‘ది టైమ్ మెషీన్’ తీసిన సైమన్ వెల్స్ స్వయానా రచయిత మునిమనవడు. కథను లండన్ నుంచి న్యూయార్క్‌కు మార్చారు. నవలలో లేని ప్రియురాలిని పెట్టి, ఆమె చావును ప్రయాణానికి కారణం చేశారు. మనుషులు రెండు జాతులుగా చీలడానికి చంద్రుడు బద్దలవడం మూలమన్నారు. ముత్తాత కథకు ప్రాణమైన వర్గభేదం అలా పక్కకు పోయింది. నాకు మింగుడుపడనిది ఈ మార్పే.

అపోహ: ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ కథలోని వికృతాకారుడి పేరు.

వాస్తవం: 1818 నాటి మేరీ షెల్లీ నవలలో అది వాణ్ణి సృష్టించిన విద్యార్థి పేరు. సృష్టికి పేరు లేదు. పైగా వాడు పుస్తకాలు చదువుతాడు, గుండె కరిగేలా మాట్లాడతాడు. 1931 సినిమా వాడి నోరు కట్టేసింది.

అపోహ: ‘డ్యూన్’ సినిమా రెండో భాగంలో ప్రియురాలు చాని కథానాయకుడు పాల్‌ను వదిలి వెళ్లిపోవడం నవలకు ద్రోహం.

వాస్తవం: 1965 నవలలో ఆమె అతని పక్కనే ఉండిపోతుంది, నిజమే. అయితే నాయకుణ్ణి దేవుణ్ణి చేసి వెంట నడిస్తే ఎంత ముప్పో చెప్పాలన్నది ఫ్రాంక్ హెర్బర్ట్ ఉద్దేశం. చాలామంది పాఠకులు పాల్‌ను వీరుడిగానే కొలిచారు. 1969లో వచ్చిన కొనసాగింపు నవల ‘డ్యూన్ మెస్సయ్య’లో ఆ వీరుడి పేరిట జరిగిన మారణకాండను హెర్బర్ట్ ముందుకు తెచ్చారు. దర్శకుడు డెనీ విల్నెవ్ ఆ హెచ్చరికను 2024 సినిమాలోనే చాని కళ్లలో పెట్టారు. అందరూ పాల్ ముందు మోకరిల్లుతుంటే ఆమె ఒక్కతే వెనుదిరిగి ఎడారిలోకి నడుస్తుంది. ఆ సన్నివేశం నవలలో లేదు, కానీ హెర్బర్ట్ మనసులో ఉన్నది అదే.