గుర్రం మీద బడి తెచ్చిన బోధకుడు: జాన్ మేసన్ పెక్

అమెరికాలో మిసిసిపీ నది తీరాన వలసదారులు అప్పుడప్పుడే ఊళ్లు కట్టుకుంటున్న కాలంలో, బోధతో పాటు చదువునూ ఇంటింటికీ చేర్చిన బాప్తిస్టు బోధకుడు పెక్ (1789–1858). ఆయన గురించి కొన్ని విశేషాలు.

* పెక్ పుట్టింది కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌లో, రైతు కుటుంబంలో. బాప్తిస్టుల్లో చేరింది 1811లో.

* ఆయన్ను మిషన్ పనిలోకి లాగిన లూథర్ రైస్ బాప్తిస్మం పొందింది మన కలకత్తాలోనే, 1812లో!

* 1817 జులైలో భార్యాబిడ్డలతో బండెక్కిన పెక్ మిస్సోరీలోని సెయింట్ లూయిస్ చేరేసరికి డిసెంబర్ వచ్చింది. అప్పటికి ఆయన జబ్బుతో మంచాన పడ్డారు.

* ఆయన్ను అక్కడికి పంపిన బాప్తిస్టు మహాసభ 1820లో సాయం ఆపేసింది, వేరేచోటికి వెళ్లమంది. పెక్ కదల్లేదు. రెండేళ్ల తర్వాత మసాచుసెట్స్ బాప్తిస్టులు పని చేసిన వారానికి 5 డాలర్ల లెక్కన ఇస్తామని ముందుకొచ్చారు.

* ఆయన్ను గట్టిగా ఎదిరించింది బయటివాళ్లు కాదు, సాటి బాప్తిస్టులే. మిషన్ సంఘాలు, బోధకులకు జీతాలు బైబిల్లో ఎక్కడున్నాయని వాళ్ల వాదన.

* ప్రఖ్యాత వేటగాడు డేనియల్ బూన్‌ను, బూన్ వృద్ధాప్యంలో పెక్ స్వయంగా కలిశారు. 1847లో బూన్ జీవితచరిత్ర రాశారు.

* కొత్తగా వచ్చే వలసదారుల కోసం 1831లో ఒక మార్గదర్శి, 1834లో ఇల్లినాయ్ గెజిటీర్ ప్రచురించారు. నేల, పంటలు, ఊళ్ల వివరాలన్నీ వాటిలో ఉండేవి.

* ఇల్లినాయ్‌లో బానిసత్వానికి దారి తీసే ప్రతిపాదనపై 1824లో ఓటింగ్ జరిగింది. దానికి వ్యతిరేకంగా ప్రచారం చేసినవారిలో పెక్ ఒకరు. అనుకూలంగా 4,972, వ్యతిరేకంగా 6,640 ఓట్లు పడ్డాయి. ప్రతిపాదన వీగిపోయింది.

* బానిసగా పుట్టి స్వేచ్ఛను కొనుక్కున్న జాన్ బెరీ మీచమ్, సెయింట్ లూయిస్‌లో నల్లవారి సండే స్కూల్లో పెక్‌తో కలిసి పనిచేశారు. 1825లో పాస్టరయ్యారు.

* ఇల్లినాయ్‌లోని రాక్ స్ప్రింగ్‌లో 1827లో పెక్ పెట్టిన బడి తర్వాత ఆల్టన్‌కు మారింది. బోస్టన్ డాక్టరు బెంజమిన్ షర్ట్‌లెఫ్ 10,000 డాలర్లు ఇవ్వడంతో అది షర్ట్‌లెఫ్ కాలేజీ అయింది. 1957 వరకు నడిచింది.

* పెక్‌కు హార్వర్డ్ 1852లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

* తెలుగువారికీ ఇందులో ఒక లంకె ఉంది. పెక్‌ను మిస్సోరీకి పంపిన బాప్తిస్టు మహాసభే, 1835లో శామ్యూల్ డేను తెలుగు నేలకు పంపింది. 1840లో నెల్లూరులో మొదలైన మిషన్ ఆయనదే.